మామ గోడమీది నా తుపాకి

ఆ రోజుల్లో నాకు బుద్ధి లేదని ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేమీ లేదు. బుద్ధున్నవాడెవడూ ఒక పేలని తుపాకీ కోసం రెండేళ్లపాటు జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల మధ్య బస్సుల్లో ఒళ్లు హూనం చేసుకోడు. (ఆ బస్సుల్లో నా పక్కన ఎక్కిన మేకలకు కూడా నాకన్నా ముఖ్యమైన పనులుండేవి.) రాజధాని ఇంకా కర్నూల్లోనే ఉన్న కాలం. నేను జమ్మలమడుగులో లెక్కల పంతులుగా కొత్తగా చేరాను. గురి లేని గురువంటే నేనే. ఆదివారం పొద్దున్నే ప్రొద్దుటూరుకు వెళ్లి ఇంగ్లీషు సినిమా చూసేవాణ్ణి. మాటలు ఒక్క ముక్క అర్థమయ్యేవి కావు. గుర్రం మీది మనిషి తుపాకీ కింద ఉంగరంలా ఉన్న ఇనుప కమ్మీని కిందికి గుంజి, పైకి తోసి, టక్‌టక్‌మని మళ్లీ కాల్చడం మాత్రం బ్రహ్మాండంగా అర్థమయింది. పిచ్చి పట్టడానికి ఆ మాత్రం భాష చాలు.

దానికి తోడు పాత పుస్తకాలమ్మేవాడి దగ్గర అట్ట ఊడిన విలాయతీ తుపాకుల జాబితా ఒకటి దొరికింది. పక్కరేకు ఇత్తడి రంగుదైతే ముందుకాలపుది, నల్లదైతే తర్వాతది, గొట్టం ఎనిమిది పలకలదైతే ఒక రకం, గుండ్రనిదైతే ఇంకో రకం అని నేను బడిలో కనబడినవాళ్లకల్లా చెప్పేవాణ్ణి. మా పెద్దయ్యవారు ఒకరోజు ఓపిగ్గా అంతా విని, "అబ్బీ, ఎనిమిది పలకలు అట్ల పెట్టు, పిల్లోళ్లకు ఎనిమిదో ఎక్కం వచ్చిందా?" అన్నారు.

ఇంతకూ అలాంటి తుపాకీ నాకు తెలిసి ఒక్కచోటే ఉండేది, పులివెందులలో మా మేనమామ ఇంట్లో. ఎప్పుడో వేటకొచ్చిన దొర ఒకడు మామ తండ్రికి ఇచ్చిపోయాడట. ఇంట్లో అందరూ దాన్ని 'గుంజుడు తుపాకి' అనేవాళ్లు. దానికి తూటాలు దొరక్కుండా పోయి నా వయసంత కాలమైంది. తుపాకీ పేలడం ఆగిపోయినా, దాని గురించి మామ పేలడం ఆగలేదు. వసారాలో రెండు మేకుల మీద దాన్ని పెట్టి, కింద పట్టెమంచం వేసుకుని, పంచాయితీకి వచ్చినవాళ్లందరికీ దాని చరిత్ర చెప్పేవాడు. మా అత్త మజ్జిగ తెచ్చిపెడుతూ, "ఆ ఇనుముకు పూసిన నూనెతో నేను నాలుగేండ్లు తాళింపు పెడుదును" అనేది.

నా కోరిక చాలా చిన్నది. ఒక్కసారి ఆ కమ్మీని నా చేత్తో గుంజాలి, టక్‌మన్న శబ్దం నా చెవితో వినాలి, అంతే. చెయ్యి చాచినప్పుడల్లా మామ మంచం మీదినుంచే అరిచేవాడు.

"రేయ్ అల్లుడా! ముట్టొద్దు! లైసెన్సు లేనోడు చెయ్యి పెడితే కేసయితాది!"

"తూటాలే లేవు కదా మామా?"

"తూటాలు లేకుంటే ఏమిరా, చట్టం ఉండాది కదా."

ఇలా లాభం లేదని, నకలు చేయించుకుందామని నిశ్చయించుకున్నాను. ప్రొద్దుటూరులో ఎద్దుల బండ్లు చేసే ఆచారి ఒకాయన ఉండేవాడు. ఆయనకు కొలతలు కావాలి. నేను మామ ఇంట్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక గోడకు ఆనుకుని, కునుకు తీస్తున్నట్టు నటిస్తూ, దారంతో తుపాకీ పొడవు కొలిచాను. "గోడకు దిష్టి తీస్తాండావా యేందిరా?" అంది అత్త. ఆచారి నా దారాల ముళ్లను, జాబితాలోని బొమ్మను మార్చి మార్చి చూసి, "ఇది బండి ఇరుసు కంటే శానా తిక్కలదప్పా" అన్నాడు. అయినా చేశాడు. టేకు కట్టె, ముందువైపు నాలుగు వేళ్ల లోతుకు నీళ్ల గొట్టం ముక్క, దాని వెనకంతా గట్టి చెక్క, ఇత్తడి చెంబు రేకు, లోపల తలుపు గడియ స్ప్రింగు. కమ్మీ గుంజితే టక్‌! తోస్తే టక్‌! మూడు నెలలు తిరిగాను గానీ, ఆ శబ్దం విన్నరోజు నా జన్మ ధన్యమైంది.

ధన్యత పది రోజులే. ఎన్నికలొచ్చాయి. ఎన్నికలంటే మా వైపు లైసెన్సు తుపాకులన్నీ పోలీసు స్టేషన్లో అప్పజెప్పి చీటీ తెచ్చుకోవాలి. మామ అప్పజెప్పాడు. వసారాలో రెండు మేకులూ బోసిగా మిగిలాయి. మర్నాడే మామ బస్సెక్కి జమ్మలమడుగులో నా గదికొచ్చాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన నా గదికి రావడం అదే మొదలు. నా కట్టె తుపాకీ కబురు ఆ బస్సుల్లోనే ఆయనకు చేరిందట.

"అల్లుడా, నీ కట్టెది రెండు దినాలియ్యి. ఉత్త మేకులు చూస్తాంటే వచ్చినోళ్లు మాట ఇనేటట్ల లేదు."

కాదనలేకపోయాను. (ఇది రెండో తెలివితక్కువతనం. మొదటిది ముందే ఒప్పుకున్నాను.) ఎన్నికలయ్యాయి, ఫలితాలొచ్చాయి, అసలు తుపాకీ స్టేషన్నుంచి తిరిగొచ్చి ఇనుప పెట్టెలోకి చేరింది. నా తుపాకీ మాత్రం గోడ దిగలేదు. ఎందుకంటే అది మెరుస్తోంది, దాని కమ్మీ ఆడుతోంది. "ఏం మామా, తుపాకి పడుచుదైనాదే!" అని వచ్చినవాళ్లంతా మెచ్చుకుంటున్నారు. నేను వెళ్లినప్పుడల్లా "ఇంగ నాలుగు దినాలుండనీలేరా" అనేవాడు. అంతటితో ఆగినా బాగుండేది. వచ్చిన ప్రతివాడి చేతికీ ఇచ్చి టక్‌టక్‌లాడించి, నేను చెయ్యి చాచగానే నలుగురి ముందూ, "ముట్టొద్దు! లైసెన్సుందా నీకు?" అనేవాడు. నా చెక్క, నా స్ప్రింగు, నా చెంబు రేకు! నాకు ఏడుపొచ్చేది. అత్త జాలిపడి ఇంకో గ్లాసు మజ్జిగ ఇచ్చేది.

ఒకరోజు తాసీల్దారు ఏదో పనిమీద ఆ వీధికొచ్చి మామ వసారాలో కూర్చున్నాడు. గోదావరి వైపు మనిషి, మర్యాదస్తుడు. చుట్టూ పంచాయితీ జనం ఏడెనిమిది మంది. నేనూ నా తుపాకీని అడుక్కోవడానికి వచ్చి ఓ మూల నిలబడ్డాను. ఆయన గోడవైపు చూసి, "మీ లైసెన్సు తనిఖీ ఈ నెలలోనే కదండీ? మీరు రావడమెందుకు, ఇక్కడే చూసేస్తాను" అంటూ మామ లేచేలోపు తానే తుపాకీ దించాడు. కమ్మీ గుంజాడు. టక్‌! "అబ్బో, బాగా ఉంచారండీ" అన్నాడు. తర్వాత గొట్టంలోకి ఒక కన్ను పెట్టాడు. పెట్టిన కన్ను తీయకుండానే అడిగాడు:

"ఇందులో చెక్కుందేంటండీ? అసలు తుపాకీ ఏం చేశారు? అమ్మేశారా?"

మామ ముఖం సున్నం కొట్టినట్టయింది. తుపాకీ కనబడకపోతే లైసెన్సు పోవడమే కాదు, కేసు కూడా. "ఉండాది సార్, లోపల పెట్టెలో ఉండాది. రేయ్ అల్లుడా, తీస్కరా పో!"

నేను కదల్లేదు. రెండేళ్లుగా విన్న మాట నా నోట్లో కలకండ ముక్కలా ఊరింది.

"నేనెట్ల ముట్టుకుంటా మామా? నాకు లైసెన్సు లేదు కదా."

తాసీల్దారు నవ్వాపుకుని, "నేనిక్కడే ఉన్నాను కదండీ, పర్లేదు తీసుకురండి" అన్నాడు. "మరి ఈ చెక్కదెవరిదండీ?" నేను మామవైపు చూశాను. జనమంతా మామవైపు చూశారు. మామ నేలను చూస్తూ, "వీనిదే సార్. వీడే చేపిచ్చినాడు. మా తుపాకి కంటే మేలుగానే చేపిచ్చినాడు" అన్నాడు. లోపల్నుంచి అత్త నవ్వు వినిపించింది.

అసలు తుపాకీ తెచ్చాను. అందరి ముందూ, సర్కారు అనుమతితో, కమ్మీ మీద చెయ్యి వేసి గుంజాను. రాలేదు. బలమంతా పెట్టి గుంజాను. కిర్రుమని సగం దిగి ఆగిపోయింది. ఇక పైకీ పోదు, కిందికీ రాదు. టక్‌మన్న శబ్దమే లేదు. పైన నూనె, లోపల తుప్పు! ఇంతకాలం నేను కుళ్లిపోయింది దీనికోసమా! తాసీల్దారు నంబరు చూసుకుని సంతకం పెట్టాడు. నేను నా కట్టె తుపాకీ భుజాన వేసుకుని బస్సెక్కాను. కమ్మీ వేలాడే ఆ తుపాకీ మళ్లీ మేకుల మీద కుదురుగా నిలవలేదని అత్త తర్వాత చెప్పింది.

చాలా ఏళ్లకు మామ కళ్లు చూపించుకోవడానికి జమ్మలమడుగు వచ్చి మా ఇంట్లో దిగాడు. అప్పటికి అసలు తుపాకీని సర్కారుకు అప్పజెప్పేశాడు. మసక కళ్లతో మా గోడంతా తడిమి నా తుపాకీని పోల్చుకుని, మెల్లగా చెయ్యి చాచాడు.

"లైసెన్సుందా మామా?" అన్నాను.

చాచిన చెయ్యి అలాగే ఆగింది. ఆ ఆగడం చూడ్డానికి ఎన్నేళ్లు కాచుకున్నానో! తీరా చూశాక మనసొప్పలేదు. దించి ఆయన ఒళ్లో పెట్టాను. సాయంత్రం దాకా ఇల్లంతా టక్‌టక్‌.