కొత్త సిస్టమ్ ఎక్కిన పాత కంప్యూటర్

పద్మనగర్‌లో మా సాంచాల, అంటే మరమగ్గాల, షెడ్డుకు ఆనుకుని ఆఫీసు గది ఉంది. అందులోని కంప్యూటర్ మా మనవరాలు బడిలో చేరిన ఏడు కొన్నది. ఇప్పుడు ఆ పిల్ల పదో తరగతి. మొన్నటిదాకా ఆ పాతది సక్రమంగానే నడిచింది. బుధవారం మా అబ్బాయి దానికి కొత్త సిస్టమ్ ఎక్కించాడు. గురువారం పొద్దున అది తెరుచుకోవడానికి పదకొండు నిమిషాలు పట్టింది. గడియారం చూసే చెబుతున్నాను.

ఆ రోజే మా గుడ్డ మాన్కోలి గోదాముకు చేరాలి. సాయంత్రం ఆరింటికి అక్కడ షటర్ పడుతుంది. ఈ-వే బిల్లు లేనిదే లారీ కదలదు, ఆ బిల్లు ఈ కంప్యూటర్‌లోంచే రావాలి. ఆలస్యమైతే వచ్చే ఆర్డరు పక్క గల్లీవాళ్లకేనని గుడ్డ కొనే వ్యాపారి ముందే చెప్పాడు.

మా అబ్బాయి ఫోన్‌లో వీడియో పెట్టుకుని వైద్యం మొదలుపెట్టాడు. ఏవేవో ఆపాడు. ఫోటోలు తీసేశాడు. చివరికి తన పెళ్లి వీడియో కూడా తీసేశాడు.

"పెండ్లి సుత తీసేసిన్రా?" అంది కోడలు.

"జాగ ఖాళీ కావాలె. నువ్వు ఊకో."

"మీ బుర్రల మస్తు ఖాళీ ఉండె గద, అండ్ల పెట్టకపోయిన్రు!"

బయటి నుంచి డ్రైవర్ అరిచాడు: "సేఠ్, నాలుగు గొట్టింది! రోడ్డు జామైతే నన్ననొద్దు!"

చుట్టాలు వస్తున్నారని కోడలు ఆ రోజు ఇంట్లోని కవర్లన్నీ ఉతుకుతోంది. గుడ్డ నేసే ఇల్లు మాది, గుడ్డ తొడగని వస్తువు లేదు. టీవీకి, ఫ్రిజ్‌కు, మిక్సీకి, ఆఖరికి కంప్యూటర్ డబ్బాకు కూడా. షెడ్డులోని దూది నూగు లోపల పడకూడదట. అంచు కుట్టిన ఆ మందపాటి కవరును కంప్యూటర్ నడిచేటప్పుడు కూడా తీయరు. కోడలు దాన్నీ లాక్కుపోయింది. లోపలి ఫ్యానుకు గాలి తగిలింది. పావుగంటలో బిల్లు బయటికొచ్చింది.

"చూసినవా అమ్మా, నా పని!"

"కవరు తీసినంక నడిచిందిర. కొత్త సిస్టమ్‌తోని పెరిగిన వేడి పోయింది."

"ఏందే అమ్మా, గుడ్డ తీస్తే స్పీడ్ పెరుగుతదా? గట్లయితే ఇంజనీర్లు ఎందుకు?"

షటర్ పడేలోపు లారీ చేరింది. మావాడు గల్లీలో ఇంకో ఇద్దరి కంప్యూటర్లు బాగుచేస్తానని మాటిచ్చి వచ్చాడు. వాళ్ల పెళ్లి వీడియోలను దేవుడే కాపాడాలి.

మర్నాడు, ఆరిన కవరు మళ్లీ తొడగమని కోడలికి పురమాయించాడు. శనివారం ఇంకో లారీ ఉంది. మరక పోలేదని చెప్పి నేనే ఆ కవరును బకెట్లో ముంచాను. లోడింగు ఉన్న ఏ రోజూ అది ఆరదు.