స్టూడియోలో పౌడరు డబ్బా

ఇయ్యాల ఇక్కడ మలేసియాలో, క్లాంగు పట్నంలో ఆఫీసు కార్డు కోసం ఫొటో తీయించుకోడానికి వెళ్లినాను. స్టూడియో ఆయన నన్ను అడక్కుండానే కంప్యూటర్లో నా ముఖం తెల్లగా మార్చేసి, "ఇప్పుడు అందంగా ఉన్నారు లా!" అని ఇక్కడి యాసలో అన్నాడు. ఒళ్లు మండిపోయింది.

చిన్నప్పటి మా బంటింగ్ ఊరి స్టూడియో గుర్తొచ్చింది. మీకూ గుర్తుందా, అద్దం పక్కన పౌడరు డబ్బా, గులాబీ రంగు పఫ్పు? దీపావళి ఫొటోకి కూర్చుంటే ఆ ఫొటోగ్రాఫరు "పిల్ల మరీ నలుపు" అంటూ నా ముఖమంతా పౌడరు అద్దేసినాడు. నాకు ఏడుపొచ్చేసింది. మా అమ్మమ్మ కొంగుతో అదంతా తుడిచేసి, "సున్నం కొట్టడానికి ఇదేటి, గోడా? పిల్ల ఎలాగుంటే అలాగే తియ్యి!" అని కసిరింది.

ఇయ్యాల నేను జీన్సులో ఉన్నాను, కొంగు లేదు. అయితే ఏటి, నోరుంది కదా! "నా ముఖం నాకిచ్చెయ్యి. అప్పుడే డబ్బులు" అన్నాను.