సోమవారం కుర్చీలాట

స్టేషను మేనేజరుగారికి ఒకటే జబ్బు. ఎవరి పని వాళ్లు చేసుకుంటుంటే ఆయన చూడలేరు.

చవక టికెట్ల విమాన కంపెనీ, చిన్న విమానాశ్రయం, గుప్పెడు మంది సిబ్బంది. సోమవారం పొద్దున్నే ఆయన టీ గ్లాసు పట్టుకుని గదిలోంచి బయటికి వచ్చారంటే అందరి గుండెల్లో రాయి పడేది. టికెట్లు చూసేవాళ్లు సామాన్లు మోయడానికి, సామాన్లు మోసేవాళ్లు మైకు ముందుకి, మైకు ముందున్నవాళ్లు మెట్లబండి తొయ్యడానికి వెళ్లాల్సిందే. వెనకాల అందరూ ఆయన్ని కుర్చీలాటాయన అనేవారు. ఆ సంగతి ఆయనకు తెలుసు, పైగా ఆ పేరు నచ్చిందని కూడా ఒక అనుమానం.

కౌంటరమ్మాయికి మాత్రం ఈ ఆట ఒంటికి పడలేదు. చల్లటి హాల్లో కూర్చుని, ఇస్త్రీ నలగకుండా, నవ్వుతూ బోర్డింగు పాసులు ఇవ్వొచ్చని ఆశపడి చేరిన మనిషి ఆమె. మూడో సోమవారానికల్లా నారింజ రంగు జాకెట్టు తొడుక్కుని ఎండలో సూట్‌కేసులు ఎత్తుతోంది.

"సార్, నన్ను తీసుకున్నది కౌంటరుకి," అంది.

"కౌంటరు ఎక్కడికీ పారిపోదులే అమ్మాయ్. ముందు ఆ నీలం పెట్టె ఎత్తు. నడుముతో కాదు, మోకాళ్లతో."

ఇంట్లో అత్తగారికి ఇదొక వినోదం. కోడలు చెప్పులు విప్పేలోపే, "ఇవాళ ఏం ఉద్యోగం చేసొచ్చావమ్మా?" అని అడిగేది. పక్కింటివాళ్లు మీ కోడలు ఏం పని చేస్తుందని అడిగితే, "ఏ వారం సంగతి?" అనేది.

లగేజీ మేస్త్రి వంతు వచ్చినప్పుడు ఇంకా గొప్పగా ఉండేది. జీవితమంతా ఇంజన్ల హోరు మీద అరిచి మాట్లాడిన మనిషి. అలాంటివాడి చేతికి మైకు ఇచ్చారు.

"విమానం వచ్చింది. పిల్లలూ పెద్దవాళ్లూ ముందు రండి. మిగతావాళ్లు తోసుకోకండి, అందరికీ సీట్లున్నాయి. సగం ఖాళీయే."

హాలంతా గొల్లున నవ్వింది. మేనేజరుగారు మాత్రం గదిలోంచి తల బయటపెట్టి, "ఖాళీ సంగతి చెప్పకు మేస్త్రీ, షేరు పడిపోతుంది," అన్నారు.

షేరు ఎలాగూ పడింది. ఇంధనం ధర పెరిగింది. టికెట్టు ధర పెంచితే జనం బస్సెక్కుతారు, పెంచకపోతే కంపెనీ మునుగుతుంది. ఇక దిక్కులేక పెద్ద కంపెనీ ఒకదాంట్లో కలిసిపోతుందని వార్త వచ్చింది. పొద్దున పేపరు కలవడం ఖాయమనేది, సాయంత్రం టీవీ ఇంకా మాట్లాడుకుంటున్నారనేది. అప్పుల సంగతి తేలాక చూద్దామని పెద్ద కంపెనీ మళ్లీ వెనక్కి జరిగేది. ఈ లాగుడులో సిబ్బందికి ముద్ద దిగడం మానేసింది. కౌంటరమ్మాయి జీతం మీదే ఇల్లు నడుస్తోంది.

"కలిస్తే నీ ఉద్యోగం ఉంటుందా?" అంది అత్తగారు, ఈసారి నవ్వకుండా.

"ఏ ఉద్యోగం అత్తయ్యా? నాకొకటంటూ ఏడిస్తే కదా."

మర్నాడు ఉండబట్టలేక మేనేజరు గదిలోకి వెళ్లింది. "సార్, ఇప్పుడైనా ఎవరి పని వాళ్లని చేసుకోనివ్వండి. పెద్ద కంపెనీవాళ్లు వచ్చి చూస్తే, మాకు ఏ పనీ సరిగ్గా రాదనుకుంటారు."

ఆయన టీ చప్పరించారు. "సోమవారం నుంచి నువ్వు మెట్లబండి," అన్నారు.

ఆ సోమవారమే పెద్ద కంపెనీ నుంచి ఒక మేడమ్ దిగింది. కలవడం ఇంకా తేలలేదట. కలిస్తే ఎవరుండాలో, ఎవరు పోవాలో మాత్రం ముందే తేలాలట.

"మా కౌంటర్లు మాకున్నాయి. మీ కౌంటరు సిబ్బంది మాకు అక్కర్లేదు. వాళ్లెవరు?" అంది.

అందరూ చేతులెత్తారు. మేస్త్రి అందరికంటే పైకెత్తాడు.

"సరే. సామాన్లు మోసేవాళ్లెవరు?"

ఎత్తిన చేతులు ఎవరూ దించలేదు.

మేడమ్‌కి ఒళ్లు మండింది. వేళాకోళమనుకుని, వచ్చే విమానం పని చూస్తానని అక్కడే నిలబడింది. మేస్త్రి టికెట్లు చూశాడు. కౌంటరమ్మాయి మెట్లబండిని విమానం తలుపుకు ఆనించి, పరుగున వచ్చి సామాన్లు దించింది, అదీ మోకాళ్లతోనే. విమానం టైముకి ముందే ఎగిరింది. ఇంతమంది పని ఇంత కొద్దిమందితో జరగడం మేడమ్ ఎక్కడా చూడలేదు.

"కలిసినా, కలవకపోయినా, ఇక్కడ మా విమానాల పని కూడా వీళ్లకే ఇప్పిస్తాను," అంది. తర్వాత మేనేజరు వైపు తిరిగింది. "కానీ మేనేజరు మాకున్నారు. మీకు ఇంకేం పని వచ్చు?"

ఆయన చేతిలోని టీ గ్లాసు కింద పెట్టారు. "వీళ్లని కుర్చీల్లోంచి లేపడం వచ్చండీ."

"ఇంకొకటి నేర్చుకోండి. వచ్చే నెల మళ్లీ వస్తాను," అని మేడమ్ వెళ్లిపోయింది.

కౌంటరమ్మాయి ఆయన గది గుమ్మంలో నిలబడింది. "సార్, ఇదంతా మీకు ముందే తెలుసా?"

"నా పాత కంపెనీ కూడా ఇలాగే ఇంకోదాంట్లో కలిసింది. పైవాళ్లకి మనుషులు కనపడరమ్మా, కాగితం మీద గళ్లు కనపడతాయి. చేత్తో టికెట్లు రాసేవాళ్ల గడి ఒక్క గీతతో కొట్టేశారు. అందులో నేనున్నాను. నాకు వచ్చింది ఆ ఒక్క పనే. అందుకే మిమ్మల్ని ఏ గడిలోనూ ఇమడనివ్వలేదు."

"మరి మీరెందుకు నేర్చుకోలేదు?"

"ఎవరి పని ఎవరు చేస్తున్నారని హెడ్డాఫీసు రోజూ ఫోన్లో తిడుతుంది కదా. తిట్లు తినడానికి ఒకడు కుర్చీలో ఉండొద్దూ?"

ఆమెకు ఆయన మీద పట్టరానంత ప్రేమ పుట్టింది. ఇన్నాళ్లూ తిట్టుకున్నందుకు సిగ్గు కూడా వేసింది. పై సోమవారం పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

"లేవండి సార్."

"ఎక్కడికి?"

"కౌంటరుకి."

కౌంటరు దగ్గర ఆయన ఒక్క వేలితో మీటలు వెతుక్కుంటుంటే వరస తలుపు దాకా పెరిగింది. మైకులో మేస్త్రి గొంతు మోగింది. "కౌంటరు దగ్గర కొత్తాయన నేర్చుకుంటున్నారు. ఎవరూ తొందరపెట్టకండి. సీట్లు సగం ఖాళీయే."

"ఖాళీ సంగతి చెప్పకు మేస్త్రీ," అన్నారాయన తలెత్తకుండానే.

కంపెనీలు కలుస్తాయో లేదో ఆ సాయంత్రం టీవీకి కూడా తెలియలేదు. అత్తగారు టీవీ కట్టేసి, "ఇవాళ ఏం ఉద్యోగం చేసొచ్చావమ్మా?" అంది.

"మేనేజరు ఉద్యోగం, అత్తయ్యా. రోజంతా తిట్లు తిన్నాను."

"ఎన్నాళ్లు?"

"ఆయనకి కౌంటరు పని వచ్చేదాకా," అని నవ్వింది కోడలు. "చాలాకాలం పట్టేలా ఉంది."