మాకు సినిమా నేర్పిన చెవుడు

మా అక్కకు పుట్టుకతోనే వినపడదు. ఆ సంగతి డాక్టరు చెప్పాడు. కానీ మా ఇంట్లో డాక్టరు కంటే సినిమాకే విలువెక్కువ. చెవిటివాళ్ల గురించి మాకు తెలిసిందంతా సినిమా హాల్లో చూసిందే. కామెడీ సీన్లో చెవిటి తాత ఒకటడిగితే ఇంకోటి చెప్పేవాడు, మేం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్లం. హీరో తన పని కావడానికి చెవుడు నటించేవాడు. హీరోయిన్‌కైతే క్లైమాక్స్‌లో పెద్ద శబ్దం కాగానే వినికిడి వచ్చేసేది. పక్కన కూర్చున్న అక్క మా మొహాలు చూసి తనూ నవ్వేది.

అక్కకు ఏడేళ్లప్పుడు బెజవాడలో చెవిటి పిల్లల బడిలో సీటొచ్చింది. మామిడి కోతలయ్యాక జూన్‌లో చేర్పించాలనుకున్నారు. అక్కడ చేతులతో మాట్లాడటం నేర్పుతారని అమ్మ చుట్టాలందరికీ చెప్పుకుంది.

ఆ మే నెలలో మా మామిడి తోటకు కోతుల బెడద. నాన్న దీపావళి బాంబులు పేల్చి వాటిని తరిమేవాడు. ఒకరోజు అక్క రేకుల షెడ్డు గోడకు ఆనుకుని, గడ్డి పరిచిన పెట్టెలో రసాలు సర్దుతోంది. నాకప్పుడు ఆరేళ్లు. సినిమాలోలాగే అవుతుందని నాన్నను బతిమాలి, బాంబు సరిగ్గా ఆ గోడ వెనకే పెట్టించాను. ఆయనకూ ఆశ ఉన్నట్టుంది, కాదనలేదు. బాంబు పేలింది. అక్క ఉలిక్కిపడి లేచి వెనక్కి తిరిగింది.

ఆమెకు తెలిసింది శబ్దం కాదు, వీపుకు తగిలిన గోడ రేకు అదురు. ఆ రోజు అది ఎవరికీ తట్టలేదు. కాయ కోసే కూలీలు చప్పట్లు కొట్టారు. నాన్న ఏడ్చేశాడు. తర్వాత ఆయనకు కోపం వచ్చింది.

"దీనికి వినపడుద్దే. ఇన్నాళ్లూ యాక్షన్ చేసింది. ఇంక ఆ స్కూలెందుకు?" అన్నాడు అమ్మతో.

ఇంకోసారి పరీక్షించి చూద్దామని అమ్మా అనలేదు. చేతికందిన సంతోషాన్ని ఎవరు పాడు చేసుకుంటారు?

ఊళ్లో బడికే పంపారు. పిలిస్తే పలకడం లేదని మేస్టారు కొట్టారు. నటిస్తోందని నాన్నా కొట్టాడు. రెండేళ్లకు పొరపాటు తెలిసింది గానీ, అప్పటికి ఆ సీటు లేదు, మళ్లీ ప్రయత్నించే ఓపికా ఎవరికీ లేదు. అన్నం, నీళ్లు, రా, పో. మా ఇంటి సైగలు ఓ పాతిక. నలభై ఏళ్లుగా అక్క వాటితోనే బతుకుతోంది. ఇందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

పోయిన వేసవిలో ఫోన్లో ఏదో విదేశీ సినిమా చూశాను. అందులో చెవిటి అక్కచెల్లెళ్లిద్దరు వంటింట్లో చేతి సైగలతోనే పోట్లాడుకుంటారు, బూతులు తిట్టుకుంటారు. ఎవరూ వాళ్లను చూసి జాలిపడరు, చివరికి ఎవరికీ వినికిడి రాదు. అది అక్కకు చూపించాను.

రెప్ప వేయకుండా చూసింది. ఏమంటున్నారని గడ్డం ఎగరేసి అడిగింది. కింద ఇంగ్లీషులో మాటలు పడుతున్నాయి, నాకు తెలుస్తూనే ఉన్నాయి. అవి చెప్పడానికి మా పాతిక సైగలు చాలలేదు. కాసేపటికి అక్క ఫోన్ పక్కన పెట్టి, వాళ్లలాగే వేళ్లు గబగబా కదిపింది. అందులో ఒక్క మాట కూడా లేదు. ఆపేసి, అర్థమైందా అన్నట్టు నా మొహంలోకి చూసింది.

అర్థమైందని తలూపాను.