పప్పుగుత్తి ఉంటేనే ఇంటర్నెట్

అప్పట్లో మా ఇంట్లో కంప్యూటర్ అంటే మర్యాదలు ఎక్కువైన చుట్టం లాంటిది. విశాఖ నుంచి అడవుల్లోకి పోయే కిరండూల్ లైన్లో, ఇనుప ఖనిజం బండ్ల ఎర్రధూళి అన్నిటి మీదా వాలే ఆ రైల్వే క్వార్టర్లో, దానికొక్కదానికే అమ్మ పాత చీర కప్పేది. నాన్న స్టేషన్ మాస్టరు. మా సింగిల్ లైన్లో టోకెన్ అనే ఇనుప గుండు చేతికందనిదే డ్రైవరు బండి కదపకూడదు. (ఉండేది ఒకటే కాబట్టి రెండు బండ్లు ఎదురుపడవు.) ఇంటర్నెట్ పెట్టించిన రోజే నాన్న ఆ పద్ధతిని ఇంట్లోకి తెచ్చారు. టోకెన్ మా పప్పుగుత్తి. అమ్మనడిగి తీసుకుని పక్కన పెట్టుకుంటేనే నేను కంప్యూటర్ ముట్టాలి. నేను లేచేదాకా అమ్మ నా వెనక కూర్చుని కాపలా కాయాలి. "సదువు తప్ప ఇంకేటి కనిపించినా కనెక్షన్ తీయించేస్తాను," అన్నారు.

నాకేమో తెలుగు కథలు కావాలి. బడి హిందీ, బజారు హిందీ. తెలుగు పుస్తకం కావాలంటే విశాఖ నుంచి చుట్టాలు రావాలి. నెట్‌లో మాత్రం ఒక తెలుగు సీరియల్ నవల వస్తోంది. అందులో సరోజ అనే పిల్ల పెళ్లిపీటల మీంచి లేచి వెళ్లిపోయింది. ఎక్కడికెళ్లిందో తెలియకుండా భౌతికశాస్త్రం తలకెక్కుతుందా? అమ్మ వెనకాల చిక్కుడుకాయలు ఒలుస్తుండగా, ఆవిడకి ఇంగ్లీషు రాదన్న ధైర్యంతో సీరియల్ తెరిచాను. (తెర మీద ఉన్నది తెలుగని నాకు తట్టనే లేదు.) కాసేపటికి వెనక నుంచి గొంతు: "అలా పరిగెట్టించకే. ఆ గుంట బస్సెక్కిందా నేదా?"

ఆ రోజు నుంచి నాన్న డ్యూటీకెళ్లగానే మా ఇద్దరికీ సరోజే లోకం. గుత్తి కంప్యూటర్ దగ్గరే ఉండిపోవడంతో పప్పు మెదిపే దిక్కులేదు. "ఇదేటి, పట్టాల కింద కంకర్లాగుంది?" అనేవారు నాన్న. "కొత్త పప్పు," అనేది అమ్మ. ఒక మధ్యాహ్నం ఆయన ముందే వచ్చేశారు. కుర్చీలో అమ్మ, ఒళ్లో గుత్తి, వెనక నిలబడి చిక్కుళ్లు ఒలుస్తూ నేను. ఇక కనెక్షన్ పోయినట్టేననుకున్నాను.

"ఏటిది?" అన్నారు.

అమ్మ తల తిప్పలేదు. "టోకెన్ నా దగ్గరుంది. బండి దాటేదాకా మీరు సిగ్నల్ కాడ ఆగండి."

నాన్న నిజంగానే గుమ్మంలో ఆగిపోయారు. నియమం ఆయనదే మరి. కాసేపు అక్కడి నుంచే మెడ సాచి చూసి, "ఎవరా గుంట? ఏటయింది?" అన్నారు. కనెక్షన్ నిలిచింది.

ఎవరి కంటా పడకుండా చదవాలని అంత తాపత్రయపడిన అప్పటి నన్ను తలుచుకుంటే నవ్వొస్తుంది. ఇప్పుడు నాకో గది ఉంది, తలుపుంది, ఏం చదువుతున్నావని అడిగేవాళ్లు లేరు. గడియ వేసుకోబుద్ధి మాత్రం కాదు.