గ్లాసుకో పురుగు

"నాయనా, సారు పొద్దున్నే పోయినాడు. చుట్టాలు గ్లాసులన్నీ పారబోయమంటాండారు. ఏం చేయాల?"

జమ్మలమడుగు నుంచి సారు భార్య ఫోను. నేను ఆమెను అమ్మా అనే పిలుస్తాను. అప్పుడు ప్రొద్దుటూరులో ఒక మురికికాలువకు దోమల మందు కొడుతున్నాను. అదే నా కూలిపని. పంపు అక్కడే వదిలేసి బండి తీశాను.

చావు జరిగిన ఇంట్లో నిలవ నీళ్లు ఉంచరు. బిందెలు, తొట్లు అన్నీ వంచేస్తారు. కానీ ఆ ఇంటి వరండాలో ఒక బల్ల నిండా టీ గ్లాసులుండేవి. ప్రతిదాని మూతికీ పలుచని గుడ్డ, లోపల ఒక్క ఎర్ర పురుగు.

సారు పులివెందులలో ఏళ్ల తరబడి జువాలజీ చెప్పి రిటైరైన మనిషి. పదో తరగతి తప్పిన నాకు భూతద్దం ఇచ్చి, కుట్టని దోమలను చూపించింది ఆయనే. మీరూ చూసే ఉంటారు, సాయంత్రం ట్యూబులైటు కింద కుప్పలుగా రాలేవి. చూపుకు దోమే, నెత్తురు తాగదు. జిగురు తాడులో గుడ్లు, బురదలో గూడు కట్టుకునే ఎర్ర పురుగు, ఆ తర్వాత ప్యూపా. అది నీటి పైకి వచ్చి చర్మం చీల్చుకుంటే దోమ. రెక్కలొచ్చాక రెండు మూడు రోజులే బతుకు. సాయంత్రాలు మగవి ఎత్తుగా కనబడే దేని మీదైనా, మనిషి తల మీదైనా, గుంపు కడతాయి.

"పురుగును చూసి ఒకడు పేరు పెట్టినాడు, దోమను చూసి ఇంకొకడు పెట్టినాడు. రెండూ ఒకటేనా అని తేలాలంటే ఒంటరిగా పెంచాల అబ్బీ. కలిపితే ఏ చర్మం దేనిదో ఎవునికి తెలుసు?" అనేవారు. పురుగు విడిచిన చర్మం, ప్యూపా విడిచిన చర్మం, మగదోమ, మూడూ ఒకే సీసాలో ఉండాలి. మగదాని తోక కొస చూస్తేనే జాతి తేలుతుంది.

నాపరాతి గని గుంతలో ఆయనకొక పురుగు దొరికింది. మూతి కింది పళ్ల వరస ఏ పుస్తకంలోని బొమ్మతోనూ కలవలేదు. తెచ్చినవి పెరగకుండానే చచ్చాయి. మళ్లీ తెచ్చుకునేలోగా ఆ గుంతలో మందు కొట్టింది నేనే. దోమలు అన్నంలో పడుతున్నాయని జనం అరిచారు, కాంట్రాక్టరు కొట్టమన్నాడు. కుట్టవని తెలిసీ కొట్టాను. వాళ్ల తప్పు వాళ్లది, నా తప్పు నాది.

సారు గట్టు మీద కూర్చొని, అడుగున పాలిపోయిన పురుగులను చాలాసేపు చూశారు.

"కడుపు కోసం కొట్టినావా, కోపంతో కొట్టినావా?"

"కడుపు కోసమే సారూ."

"అయితే తిని పో," అని క్యారియరు తెరిచారు. ఆయన పక్కనే గట్టు మీద కూర్చొని ఆ జొన్నరొట్టె తిన్నాను.

రెండు వానాకాలాలు ఆ గుంత చుట్టూ తిరిగారు. ఆయన పోవడానికి నెల ముందు ఒకే ఒక్కటి దొరికింది.

నేను చేరేసరికి బల్ల ఖాళీ. అమ్మ తమ్ముడు బక్కెట్టు పట్టుకొని నిలబడి ఉన్నాడు.

"చచ్చిన ఇంట్లో పురుగుల నీళ్లేందప్పా! అరిష్టం."

"మిద్దె మీది ట్యాంకులో ఎన్ని ఉండాయో చూపిస్తా రా మామా. పొద్దున మొగం కడిగింది ఆ నీళ్లతోనే గదా?"

అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. ఉప్పుజాడీ వెనక దాచిన ఒక గ్లాసు తీసింది. అందులో గుంతలో దొరికిన ఆ ఒక్క పురుగు.

"దీన్ని మాత్రం రోజూ పలకరిచ్చేవాడు."

గ్లాసును నా గదికి తెచ్చుకున్నాను. పెద్దకర్మ నాటి ఉదయం అది దోమగా లేచింది. రెప్పపాటు పని. ఖాళీ చర్మం మనిషి విప్పిన చొక్కాలా నీళ్ల మీద తేలింది. గుడ్డకు అంటుకున్న దోమకు ఈకల్లాంటి మీసాలు. మగది.

రోజుకు వేలు చంపే ఈ చేత్తోనే ఆ ఒక్కదాని మీద స్పిరిటు పోశాను. "కలపొద్దు అబ్బీ," అని వెనక ఎవరో అన్నట్టయింది. తిరిగి చూస్తే గోడ. మూడూ ఒకే సీసాలో పెట్టాను. చీటీ మీద గుంత, తేదీ రాశాను. పేరు రాసే చోటు ఖాళీ. చెప్పే మనిషి లేడు. ఆనాటి నుంచి ఏ కాలువకు మందు కొట్టినా, గట్టు మీద ఒకరు కూర్చునే ఉంటారు.

అమ్మకు సీసా ఇవ్వడానికి ఒక సాయంత్రం పోయాను. భుజాన ఉన్న పంపును గేటు బయటే దించాను. పెరట్లో సారు ప్లాస్టిక్ కుర్చీ అలాగే ఉంది. దాని మీద, ఆయన తల ఉండే ఎత్తున, మగదోమల గుంపు సన్నగా మోగుతూ నిలబడి ఉంది.

"రోజూ వస్తాయి నాయనా. కుర్చీ తీయబుద్ధి కాలే," అంది అమ్మ.

నేను కుర్చీ పక్కకు పోయి నిలబడ్డాను. గుంపు కొంచెం చెదిరి, నా తల మీదికి వచ్చి, మళ్లీ కుర్చీ మీదికే పోయింది.