కడగని యాంటీబాడీ

రిటైర్మెంటుకు మూడేళ్ల ముందు నన్ను తమిళనాడులోని మా సొంతూరు రాజపాళయంలోనే ఒక ప్రైవేటు పరిశోధనశాలలో సీనియర్ సైంటిస్టుగా వేశారు. పని టీ కణాల మీద. ఒంటికి కాపలా కాసే ఈ తెల్ల రక్తకణాల పైపొర నిండా రకరకాల అణువులుంటాయి. ఏది ఏం చేస్తుందో తెలియాలంటే, దాన్ని మాత్రమే పట్టుకునే మోనోక్లోనల్ యాంటీబాడీని కణాలకు కలుపుతాం. కణాల విభజన ఆగిపోతే, అందుకు ఆ అణువు అవసరమని అర్థం.

అలా ఒక అణువు అవసరమని నేను తేల్చాను. డైరెక్టరు మెచ్చుకున్నారు. ఏడాది తిరక్కుండా, నా కింద జూనియర్‌గా ఉన్న ముత్తులక్ష్మి మరో అణువు సంగతి తేల్చింది. ఆమె గ్రాఫు నా దానికన్నా శుభ్రంగా వచ్చింది. పక్కనున్న సత్రపట్టిలో బ్యాండేజీ గుడ్డ నేసే ఇంటి పిల్ల. వాళ్ళ మగ్గానికి నూలు మా కుటుంబపు మిల్లుదే. కాన్ఫరెన్సుకు నా బదులు ఆమెను పంపుదామన్నారు డైరెక్టరు. దాచేదేముంది, నాకు కడుపు మండిపోయింది.

తప్పు పట్టాలనే ఆమె నోట్‌బుక్కు తెప్పించుకున్నాను. ఎక్కడ దొరుకుతుందో నాకు తెలుసు. కొన్న యాంటీబాడీ చెడిపోకుండా అందులో సోడియం అజైడ్ కలుపుతారు. అది కణాలకు విషం. డయాలిసిస్ చేసి, అంటే పల్చటి గొట్టపు సంచిలో పోసి ఉప్పునీళ్ళలో నానేసి, దాన్ని తీసెయ్యాలి. లేకపోతే యాంటీబాడీ ఏమీ చేయకపోయినా విభజన ఆగుతుంది.

మూడుసార్లు నీళ్ళు మార్చి ఆమె తీసేసింది. తరువాతి పేజీలో నా యాంటీబాడీకీ అలాగే చేసి, నా ప్రయోగాన్ని మళ్ళీ నడిపింది. కణాలు నిక్షేపంగా విభజన చెందాయి. నేను అజైడ్ తీయలేదు. పోలికకు వాడిన యాంటీబాడీ మా ల్యాబులో తయారైంది, అందులో అజైడే లేదు, కాబట్టి దానితో విభజన ఆగలేదు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

ఎందుకు చేశావని పిలిచి అడిగాను.

"గంజి పోయేదాకా ఉడకెయ్యకుండా మా ఇంట్లో గుడ్డను ఆస్పత్రికి పంపరు సార్. మీ సీసాలోదీ అట్లే కడిగి చూసినాను."

ఎవరికైనా చెప్పావా అన్నాను.

"లేదు సార్. మీరే చెప్తారని వదిలినాను."

ఆ పేజీ నాలుగు నెలల కిందటిది. నా సంతకం కోసం ఆ నోట్‌బుక్కు ప్రతి నెలా నా బల్ల మీదికి వచ్చేది. నేను చదవకుండానే సంతకం పెట్టాను.

మర్నాడు డైరెక్టరుకు రాసిచ్చి నా ఫలితాన్ని వెనక్కి తీసుకున్నాను. కాన్ఫరెన్సుకు ముత్తులక్ష్మి వెళ్ళింది.

ఎదుటివాళ్ళ సీసాలో వెతికే అజైడ్‌ను ముందు నా సీసాలో వెతకాలని నేర్చుకున్నాను. అసూయ పోయిందని మాత్రం చెప్పను. ఆమె ఫోటో నోటీసు బోర్డు మీద ఉన్నన్నాళ్ళూ నేను వెనక మెట్ల మీదుగానే ల్యాబుకు వెళ్ళాను.